వెలిగే గుర్తులు: జీఎఫ్‌పీ ఒక్కటే కాదు

అణువుల జాడ తీసే వెలుగు గుర్తులనగానే పరీక్షల అభ్యర్థులు 2008 రసాయన నోబెల్ (షిమొమురా, చాల్ఫీ, సియెన్) చెప్పి ఆగిపోతారు. ఆ నోబెల్ తెచ్చిన, జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రోటీన్ (జీఎఫ్‌పీ) గొప్పదే. చిన్న రసాయన అణువూ ఆ పని చేస్తుందనడానికి రుజువు మాత్రం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపిన లెడర్లీ మందుల సంస్థలో ఉంది. అక్కడి నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ తొలి టెట్రాసైక్లిన్. ఈ మందులు కొత్త ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుని, అతినీలలోహిత కాంతిలో పసుపుగా మెరుస్తాయి. ఎడం ఇచ్చి రెండుసార్లు వాడితే రెండు గీతలు పడతాయి. నడుమ దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక పెరిగే వేగం తెలుస్తుంది. ఈ మందులతో పిల్లల పళ్లకు రంగు పట్టేదీ ఇలా కాల్షియాన్ని పట్టుకోవడం వల్లే! అది యాంటీబయాటిక్ కదా అనవచ్చు. నిజమే, ఆరియోమైసిన్‌ను కనుగొన్న డగ్గర్ వెతికింది మందునే; అయినా లక్ష్యానికి అంటుకుని వెలిగేదేదైనా గుర్తే. జీఎఫ్‌పీని కణమే తయారుచేసుకుంటుంది, ఆ సౌలభ్యం రసాయన గుర్తులకు లేదు. కానీ 238 అమైనో ఆమ్లాల ఆ బరువు చిన్న అణువుకు తగిలిస్తే దాని నడకే మారిపోవచ్చు. అక్కడ రసాయన గుర్తే మేలు.