జ్వరం తగ్గింది, సైకిలు ఎక్కవచ్చా?

ఒక ఊళ్ళో ఆకుకూరలు అమ్మే వదిన ఉంది. ఊరందరికీ ఆమె వదినే. తెల్లారకముందే లేస్తుంది. తోటకూర, గోంగూర, పాలకూర కట్టలు కడుతుంది. గంపలో సర్ది, సైకిలు క్యారియరుకు తాడుతో బిగిస్తుంది. ఆరు కిలోమీటర్లు తొక్కి టౌనులో అమ్ముకుని వస్తుంది. సైకిలు లేకపోతే ఆమెకు బేరం లేదు.

ఒకసారి వదినకు జ్వరం వచ్చింది. ఐదు రోజులు మంచం దిగలేదు. ఆరో రోజు ఒళ్ళు చల్లబడింది. ఏడో రోజు పొద్దున్నే సైకిలు బయటకు తీసింది. పొదుపు సంఘంలో అప్పు కంతు కట్టే రోజు దగ్గర పడింది మరి. ఆమె తొందర ఆమెది.

ఎదురింటి ఆశా కార్యకర్త చూసింది.

"ఎక్కడికి వదినా?"

"టౌనుకే. జ్వరం పోయింది కదమ్మా."

"బిళ్ళ ఎప్పుడు వేసుకున్నావు?"

"రాత్రి పడుకునే ముందు."

"మరి జ్వరం పోయిందని ఎట్లా తెలుస్తుంది? బిళ్ళ పని చేస్తోందేమో!"

ఆ మాట నిజం. పారాసిటమాల్ బిళ్ళ జ్వరాన్ని కొన్ని గంటలు అణిచి ఉంచుతుంది. బిళ్ళ వేసుకోకుండా ఒక పగలు, ఒక రాత్రి, అంటే 24 గంటలు జ్వరం రాకుండా ఉండాలి. అప్పుడే జ్వరం తగ్గిందని చెప్పుకోవచ్చు. అయినా వెంటనే సైకిలు ఎక్కకూడదు. ముందు ఇంట్లో, వాకిట్లో తిరగాలి.

ఇంకో సంగతి ఉంది. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. డెంగీ జ్వరంలో అసలు ప్రమాదం జ్వరం తగ్గే రోజుల్లోనే వస్తుంది. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. ఒళ్ళు చల్లబడింది కదా అని అందరూ సంతోషిస్తారు. అప్పుడే కడుపులో నొప్పి, ఆగని వాంతులు, కళ్ళు తిరగడం, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం రావడం మొదలవుతాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి పోవాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు కొట్లో అమ్మే ఒళ్ళునొప్పుల బిళ్ళలు వేసుకోకూడదు. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఆశా అమ్మాయి వదినను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. రక్తపరీక్షలో డెంగీ లేదు, మలేరియా లేదు. మలేరియా ఉంటే బిళ్ళలు చెప్పినన్ని రోజులూ మింగాలి. ఒక రకం మలేరియాకు 14 రోజులు మింగాలి. జ్వరం పోయిందని మధ్యలో మానేస్తే అది మళ్ళీ తిరగబెడుతుంది.

"వట్టి వైరస్ జ్వరమే కదా, ఇంక నాకేం భయం?" అంది వదిన.

భయం లేదు, జాగ్రత్త కావాలి. గుండె కూడా కండే. కొందరికి వైరస్ జ్వరం వల్ల ఆ కండ వాస్తుంది. అందరికీ రాదు, కొద్దిమందికే వస్తుంది. కానీ ఆ వాపు ఉన్నప్పుడు బరువు వేసుకుని ఎదురుగాలిలో తొక్కితే గుండెకు ముప్పు. ఛాతీలో నొప్పి, చిన్న పనికే ఆయాసం, గుండె దడ, స్పృహ తప్పడం ఉంటే సైకిలు ముట్టుకోవద్దు. డాక్టరుకు చూపించుకోండి. ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే మెల్లగా తొక్కవచ్చు. జ్వరం, ఛాతీలో దగ్గు, ఒళ్ళంతా నొప్పులు ఉంటే తొక్కకూడదు.

మీకు అంకెలు వచ్చాయి కదా, నాడి మీరే లెక్కపెట్టుకోవచ్చు. కాసేపు ఊరికే కూర్చోండి. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టండి. గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు 60 నుంచి 100 దాకా ఉంటుంది. ఊరికే కూర్చున్నా 100 దాటుతుంటే ఒంటికి ఇంకా విశ్రాంతి కావాలి.

జ్వరానికి లంఖణం మంచిదని మన పెద్దలు అంటారు. నోటికి సహించనప్పుడు ఒక పూట మానితే ఏమీ కాదు. రోజుల తరబడి మాడితే మాత్రం కాళ్ళలో బలం పోతుంది. గంజి, రాగిజావ, ఇడ్లీ, పప్పన్నం, మజ్జిగ, గుడ్డు, ఏది సహిస్తే అది తినాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఈ పది రోజులైనా పక్కన పెట్టండి. విరేచనాలు అయి ఉంటే ఓ.ఆర్.ఎస్. తాగాలి. పాకెట్టు దొరక్కపోతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంగా పోయకూడదు.

వదిన రెండు రోజులు నడిచింది. మొదట బావి దాకా, తర్వాత చెరువు గట్టు దాకా. మాట్లాడుతూ నడిచినా రొప్పు రాలేదు. మూడో రోజు గంప లేకుండా బడి దాకా తొక్కింది. మర్నాడు లేచాక ఒళ్ళు బాగానే ఉంది. ఆ తర్వాత టౌను దారిలో సగం దూరం పోయి వచ్చింది. వారానికి సగం గంప వేసుకుని టౌనుకు పోయింది. వంతెన ఎత్తు దగ్గర దిగి నెట్టుకుంటూ నడిచింది. నెట్టడంలో నామోషీ ఏముంది? తొక్కేటప్పుడు ఒక మాట పూర్తిగా అనలేకపోతే వేగం తగ్గించాలి. మర్నాడు నీరసం ఎక్కువైతే ఒక రోజు ఆగాలి. ఆ వారం కంతు సంఘంలో ఇంకొకామె సర్దింది. ఆకుకూరలు తోడికోడలు అమ్మిపెట్టింది.

సైకిలు కూడా అన్ని రోజులు మూల పడి ఉంది కదా. చక్రాలలో గాలి తగ్గుతుంది. తక్కువ గాలితో తొక్కితే కాళ్ళకు రెట్టింపు శ్రమ అనిపిస్తుంది. గాలి కొట్టించండి. చైనుకు నూనె వెయ్యండి. రెండు బ్రేకులూ నొక్కి చూడండి.

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాలతో పాటే ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పారు. వేలమంది నేర్చుకున్నారు.

మీరు చెయ్యండి:

1. మీ నాడి లెక్కపెట్టి పలక మీద అంకె వెయ్యండి. పక్కనున్న అక్కయ్యది కూడా లెక్కపెట్టండి.

2. వదినకు బుధవారం రాత్రి 9 గంటలకు చివరి బిళ్ళ వేశారు. తర్వాత జ్వరం రాలేదు. 24 గంటలు ఎప్పటికి పూర్తవుతాయి?

3. మీ సంఘంలో ఒకామె జబ్బు పడితే ఆ వారం కంతు సంగతి ఏం చేస్తారు? మాట్లాడుకోండి.