క్యాన్సర్ పరిశోధనకు నీట్ ర్యాంకు అక్కర్లేదు

జూన్ వస్తే నా దగ్గరికొచ్చే బైపీసీ తల్లిదండ్రుల మాట దాదాపు ఒకటే: "సీటు రాలేదు మేడం, లాంగ్‌టర్మ్‌లో వేస్తున్నాం." మొన్న వచ్చిన తండ్రి కూడా అలాగే మొదలుపెట్టారు. నీట్ మళ్లీ రాయడానికి ఏడాది పొడవునా తీసుకునే ఈ కోచింగ్ వాళ్లమ్మాయికి ఇది రెండోసారి. "నీకేం చెయ్యాలనుందమ్మా?" అని ఆ పిల్లనే అడిగాను. "క్యాన్సర్ కణం ఎందుకలా పెరుగుతుందో కనిపెట్టే పని చెయ్యాలనుంది మేడం" అంది. ఆమె మాట పూర్తికాకముందే తండ్రి అందుకున్నారు: "దానికైనా ముందు డాక్టర్ అవ్వాలి కదా!"

అక్కర్లేదు. ఈ ఒక్క అపోహ వల్ల ఎందరు పిల్లలు హాస్టల్ గదుల్లో ఏళ్లు పోగొట్టుకుంటున్నారో చూస్తూనే ఉన్నాను. రోగికి వైద్యం చేయాలంటే ఎంబీబీఎస్ కావాలి. రోగం ఎలా పుడుతుందో వెతకడానికి వేరే చదువుంది, వేరే తలుపుంది. ఆ తలుపు తట్టడానికి నీట్ ర్యాంకు అవసరం లేదు.

ఆ పని ఎలా ఉంటుందో ముందు చెబుతాను. మన ఒంట్లోని కణం తనంతట తాను విభజన చెందదు. బయటి నుంచి కబురు రావాలి. కణం పైపొర మీదున్న గ్రాహకం ఆ కబురందుకుని రాస్ అనే ప్రొటీన్‌కు ఇస్తుంది. రాస్ నుంచి రాఫ్‌కు, అక్కణ్నుంచి మెక్‌కు, ఎర్క్‌కు, చివరకు కేంద్రకంలోని జన్యువులకు అది చేరుతుంది. దీన్నే సిగ్నలింగ్ పాత్‌వే అంటారు. గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ స్విచ్ ఇరుక్కుపోతే ఎవరూ నొక్కకపోయినా బెల్లు మోగుతూనే ఉంటుంది కదా! జన్యువులో మార్పు వచ్చి ఈ గొలుసులో ఒక ప్రొటీన్ అలా ఇరుక్కుపోతే, కబురు లేకుండానే కణం విభజన చెందుతూ పోతుంది. స్విచ్ ఎక్కడ ఇరుక్కుందో పట్టుకోవడమే మాలిక్యులర్ బయాలజిస్టు పని.

పట్టుకున్నంత మాత్రాన కథ ముగియదు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్నవారిలో చాలామందికి బీరాఫ్ జన్యువులో ఒకే రకం మార్పు కనిపిస్తుంది. ఆ మార్పుతో తయారైన ప్రొటీన్‌ను ఆపే వెమురాఫెనిబ్ అనే మందు 2011లో అమెరికాలో అనుమతి పొందింది, బాగా పనిచేసింది. అదే మార్పు పెద్దపేగు క్యాన్సర్‌లోనూ ఉంది, కానీ అక్కడ అదే మందు ఒంటరిగా దాదాపు పనిచేయలేదు. ఎందుకని? 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు ల్యాబ్‌లో పెంచిన కణాల మీద వెతికి కారణం చెప్పారు. పేగు కణంలో బీరాఫ్‌ను ఆపగానే పైనున్న ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం తిరిగి రెచ్చిపోయి మరో దారిలో కబురు పంపుతోంది. రెండింటినీ కలిపి ఆపాలన్న ఆ ఆలోచన మీద నడిచిన చికిత్స 2020లో అనుమతి పొందింది. ఈ ప్రశ్న చదువుతుంటే మీ పిల్లల కళ్లు వెలిగాయా? అయితే వాళ్లకు సరిపడే పని ఇదే.

ఇందులో డాక్టర్ల పాత్ర లేదని అనను. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించినవారిలో పీటర్ నోవెల్ వైద్యుడు, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అప్పటికింకా పరిశోధక విద్యార్థి. ఆ లోపం వల్ల పుట్టే ప్రొటీన్‌ను ఆపే ఇమాటినిబ్ మందు వెనుక బ్రయన్ డ్రూకర్ అనే వైద్యుడితో పాటు నికొలస్ లిడన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, ఇంకా ఎందరో కెమిస్టులు ఉన్నారు. దానికి అనుమతి వచ్చింది 2001లో. అంటే 41 ఏళ్లు పట్టింది. ఈ రంగంలో కావలసిన ఓపిక ఎంతో ఆ అంకే చెబుతుంది.

ఇక దారి. ఇంటర్ సైన్స్‌తో పాసైనవారు సైన్స్ విద్యా పరిశోధన సంస్థలైన ఐసర్‌ల ప్రవేశ పరీక్ష రాయొచ్చు, తిరుపతిలోనే ఐసర్ ఉంది. భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్ పరీక్ష, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ ఉన్నాయి. ఐసర్‌లో బైపీసీ వాళ్లకూ మొదటి ఏడాది లెక్కలు తప్పవు కాబట్టి ఆ భయం ముందే వదిలించుకోవాలి. ఇవేవీ రాకపోతే మంచి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లడం నాకు ఎప్పుడూ నచ్చే దారి. ఖర్చు తక్కువ, పిల్లవాడు నిలదొక్కుకోవడానికి సమయం ఎక్కువ. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లాంటి పరీక్షలతో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, బెంగళూరు ఐఐఎస్సీ, నవీ ముంబైలోని క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్ వంటి చోట్ల పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు.

ఇప్పుడు ఉచ్చుల సంగతి. ఒక సూత్రం గోడ మీద రాసిపెట్టుకోండి: పరిశోధన నేర్చుకునేటప్పుడు డబ్బు మీకు రావాలి, మీ నుంచి పోకూడదు. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పని నేర్పి, స్టైపెండ్ కూడా ఇస్తుంది. అది వదిలేసి, వేలకు వేలు కట్టించుకుని "క్యాన్సర్ బయాలజీ ప్రాజెక్టు" పేరుతో సర్టిఫికెట్ చేతిలో పెట్టే శిక్షణ సంస్థల వెంట పిల్లలు పడుతున్నారు. అలా చేసొచ్చిన ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని "కంట్రోల్ ఏం పెట్టావు నాన్నా?" అని, అంటే ఫలితాన్ని దేనితో పోల్చి చూశావని అడిగితే తెల్లమొహం వేశాడు. తప్పు వాడిది కాదు. ప్రయోగమంతా ఎవరో చేసేశారు, వాడు ఫొటోలు తీసుకున్నాడంతే. డబ్బు కడితే మీ పేరుతో పేపరు అచ్చు వేయిస్తామనేవాళ్లను గుమ్మం కూడా ఎక్కనివ్వకండి.

రెండో ఉచ్చు బయోటెక్నాలజీ పేరున్న ప్రతి బీటెక్ సీటూ క్యాన్సర్ పరిశోధనకు దారి అనుకోవడం. ఫీజు కట్టేముందు కాలేజీకి వెళ్లి, కణాలను పెంచే కల్చర్ గది చూపించమనండి. విద్యార్థులు తమ చేత్తో పని చేస్తున్నారో లేదో వాళ్లనే అడగండి. తాళం తీయడానికి తటపటాయిస్తే వెనక్కి వచ్చేయండి. ఈమధ్య ఏఐ పేరు తగిలించి మూడు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సులకు లక్షలు అడుగుతున్నారు. ప్రోగ్రామింగ్, గణాంకాలు తప్పకుండా నేర్చుకోవాలి, కానీ ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. జీవశాస్త్రం రాకుండా అవి మాత్రమే నేర్చుకుంటే దేన్ని లెక్కిస్తున్నారో మీకే తెలియదు.

అంతా పూలబాట అని చెప్పి ఇంకో మోజు అంటించడం నాకిష్టం లేదు. ఇంటర్ తర్వాత అయిదేళ్ల చదువు, పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు. పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే ఫెలోషిప్ 2023 నుంచి మొదట జేఆర్ఎఫ్‌గా నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఆ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. శాశ్వత శాస్త్రవేత్త ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా "ఇంకా చదువేనా?" అని బంధువులు అడుగుతారు. ఆ ప్రశ్నకు మీ పిల్లల తరఫున మీరు జవాబు చెప్పగలగాలి.

అయితే ప్రొఫెసర్ ఉద్యోగమే గమ్యం కానక్కర్లేదు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని మందుల పరిశోధన సంస్థల్లోనూ, కణితిలో ఏ జన్యువు మారిందో పరీక్షించే ఆసుపత్రి ల్యాబుల్లోనూ, పేటెంట్ విభాగాల్లోనూ ఈ చదువుకు పనుంది. సంకేతాల గొలుసును ఆపే సొరాఫెనిబ్ మందు నెలకు సుమారు రూ.2.80 లక్షలు ఉన్నప్పుడు, 2012లో కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్న మందును ఇతరులు తయారుచేసేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి) పొంది రూ.9,000 లోపు ధరకు తెచ్చింది హైదరాబాద్ సంస్థ నాట్కోయే.

డిగ్రీ పేరే అన్నీ తేల్చదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాస్ మెడికల్ కాలేజీ నుంచి ఎంబీబీఎస్ దక్కక, అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో బయటికొచ్చారు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఇచ్చిన అమినోప్టెరిన్ మందు సుబ్బారావు బృందం తయారుచేసిందే. ఆ పేరు చెప్పి గర్వపడే మనం, ఇంట్లో పిల్ల మార్కుల కాగితం చూసి అన్నం దగ్గర మాట్లాడటం మానేస్తున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

ఆ తండ్రికి చివరగా ఒకటే చెప్పాను. లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేముందు పిల్లను అడగండి, ఆమె జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. సీసీఎంబీ ఓపెన్ డే పెట్టినప్పుడు తీసుకెళ్లండి. మైక్రోస్కోప్ దగ్గర ఆమెను వదిలి, మీరు రెండడుగులు వెనక నిలబడండి. అక్కడి పరిశోధకులను ఆమె ఏం అడుగుతుందో వినండి. ఏ దారిలో పంపాలో ఆ ప్రశ్నలే మీకు చెబుతాయి.