రెండు స్వరాల జాజ్: 'సీ జామ్ బ్లూస్' వాయించడం ఎలా?

జాజ్ అనగానే కష్టమైన కార్డులు గుర్తొచ్చి వెనకాడేవాళ్లకు నేను ముందు చెప్పే పాట ఇదే. పియానిస్టు డ్యూక్ ఎలింగ్టన్ తన బృందంతో 1942లో రికార్డు చేసిన ఈ వరసలో ఉన్నవి రెండే స్వరాలు: జీ, దానిపైన సీ. సీని షడ్జమం అనుకుంటే పంచమం, తారషడ్జమం. ఇక పాటను నడిపించేదంతా లయే.

అందుకే ముందు వినండి. ఆ 1942 రికార్డింగు, ఆపైన 'నైట్ ట్రైన్' ఆల్బంలో ఆస్కార్ పీటర్సన్ వాయించినది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ రెండుకీ నాలుగుకీ చప్పట్లు కొట్టండి. సమం మీద తాళం వేసే అలవాటున్న చెయ్యి ఒకటి మీదకే పోతుంది. అది కుదిరేదాకా కీబోర్డు తెరవకండి.

తర్వాత కుడిచెయ్యి. రికార్డింగుతో పాటు వరస పాడి, అదే వాయించండి. బీటులోని రెండు సగాలూ సమానంగా ఉండవు. తిస్రగతిలోలాగా బీటును మూడు చేసి, మొదటి రెండు పాళ్లు ఒక స్వరానికి, మిగిలిన పాలు తర్వాతి స్వరానికి ఇవ్వాలి. స్వింగ్ అంటే ఇదే. ఇక్కడ తొందరపడితే పాటే మిగలదు.

ఎడమచేతికి మూడు జతలు చాలు. సీ కార్డుకు సీ, బీ ఫ్లాట్. ఎఫ్‌కు ఎఫ్, ఈ ఫ్లాట్. జీకి జీ, ఎఫ్. పన్నెండు బార్లలో మొదటి నాలుగూ సీ, తర్వాతి రెండూ ఎఫ్, మళ్లీ రెండు సీ, రెండు జీ, చివరి రెండూ సీ. బార్‌కు నాలుగు బీట్లు. కుడిచేతి వాక్యం మాత్రం మారదు, నాలుగేసి బార్లకు ఒకసారి చొప్పున మూడుసార్లు వస్తుంది. కింద కార్డు మారుతుంటే అదే పంచమం ప్రతిసారీ కొత్త రంగులో వినిపిస్తుంది. నాకు ఈ పాటలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

రెండు చేతులూ కలిశాక మనోధర్మం. సీ, ఈ ఫ్లాట్, ఎఫ్ అనే మూడు స్వరాలే తీసుకుని చిన్న వాక్యం అల్లండి, కాస్త ఆగండి, మరొకటి అల్లండి. ధైర్యం వచ్చాక జీ, బీ ఫ్లాట్ చేర్చండి. 1942 రికార్డింగులో ఒక్కొక్కరి సోలోకు ముందు బృందమంతా నాలుగు బార్లు ఆగిపోతుంది, ఆ ఒక్కరే వాయిస్తారు. మీరూ ఎడమచెయ్యి తీసేసి, లెక్క తప్పకుండా ఆ నాలుగు బార్లు కుడిచేత్తో నడిపి, అయిదో బార్ మొదటి బీటుకు ఎడమచెయ్యి మళ్లీ దించండి.