పది కేసరాలూ ఒకలా ఉండవు

వాటర్‌కలర్‌లో చెయ్యి తిరిగింది కదా అని బొటానికల్ ఇలస్ట్రేషన్ ఆర్డర్ ఒప్పుకోకండి. ఇక్కడ అందం తర్వాత, ముందు లెక్క.

నా మొదటి ఆర్డర్ తంగేడు. ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చి ఇంట్లో కూర్చుని వేశాను. చూసిన బోటనీ మాస్టారు పువ్వు మధ్యలో పెన్సిల్ ఆనించి, ‘ఇదేంటండీ?’ అన్నారు. తంగేడుకు కేసరాలు 10. పైన 3 చిన్నవి, పుప్పొడి ఇవ్వవు. నేను పదీ ఒకే సైజులో వేసేశాను. వారం పని మళ్లీ మొదటికొచ్చింది.

కాబట్టి కొమ్మ ఎదురుగా పెట్టుకునే వేయండి. తెల్లారే కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకోండి. ముందు పువ్వు వేయాలి, అది ఆగదు. ఆకుల్ని సాయంత్రానికి వాయిదా వేసినా చిక్కే. చీకటి పడితే తంగేడాకు ముడుచుకుంటుంది. డివైడర్‌తో కొలిచి అసలు సైజులోనే గీయండి. పసుపు రేకకు నీడ కోసం నలుపు కలిపితే ఆకుపచ్చ తిరుగుతుంది. పల్చటి ఊదా పూత చాలు. జిల్లేడు వేసేవాళ్లు పాలు కంట్లో పడకుండా చూసుకోండి. మన విశాఖ కంబాలకొండ అడవిలో కొమ్మ తుంచాలంటే అటవీశాఖ పర్మిషన్ కావాలి. రోడ్డు పక్కన దొరికేదానికి అంతదూరం ఎందుకు?

మన ఊరి ఉక్కలో పూత పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడే. తొందరపడి రెండో పూత వేస్తే కింది రంగు లేచి మచ్చ కడుతుంది. వేలి వెనక భాగం ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. వానాకాలం డెడ్‌లైన్‌కు రెండు రోజులు ఎక్కువే అడగండి. పోర్టు దగ్గర ఇల్లయితే షీటును కిటికీ దగ్గర ఆరబెట్టకండి, నల్లదుమ్ము పడుతుంది.

అసలు దెబ్బ తినేది కాగితాల దగ్గర. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే అగ్రిమెంట్ లేకపోతే, తొలి కాపీరైట్ వాళ్లదే. పుస్తకానికని ఇచ్చిన బొమ్మ రేపు క్యాలెండర్ మీద కనిపిస్తే అడగడానికి ఏమీ ఉండదు. బొమ్మ ఎక్కడెక్కడ వాడతారు, ఎన్ని కరెక్షన్లు, కాపీరైట్ ఎవరిది, పేరు ఎక్కడ వేస్తారు: ఇవన్నీ అడ్వాన్స్ తీసుకోకముందే రాయించి సంతకం పెట్టించండి.

పేరు దగ్గర మొహమాటం వద్దు. సామర్లకోటలో ఉండి వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 ప్లేట్లు 1795–1820 మధ్య లండన్‌లో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’గా అచ్చయ్యాయి. ముందుమాట రాసింది మన విశాఖలో ఉండి వెళ్లిన పాట్రిక్ రస్సెల్. వేసినవాళ్ల పేర్లు మాత్రం తెలియవు. నేనైతే సంతకం షీటు అంచున పెట్టను, కత్తిరిస్తే పోతుంది. కాడ మొదట్లో, రంగుకు ఆనుకుని పెడతాను.