పురుగుమందు పురుగును ఎట్లు చంపును?

మందు చల్లిన మరునాడు ఆకుల క్రింద పురుగులు రాలి పడియుండుట మనమందరము చూచినదే. కాని ఆ మందు పురుగు శరీరములో ఏమి చేయునో ఎరిగినవారు తక్కువ. ఈ సంగతి తెలిసినచో జాగ్రత్త తనంతట అలవడును.

మందు పురుగును మూడు త్రోవలలో చేరును. ఆకును కొరికి తిను పురుగునకు మేతతో పాటు కడుపులోనికి పోవును. కొన్ని మందులు ఒంటికి తగిలినంతనే లోనికి ఇంకును. మరికొన్ని మొక్క రసములో కలిసి, ఆ రసమును పీల్చు పేనుబంక వంటి వానిని చేరును.

త్రోవ ఏదైనను, పెక్కు మందుల గురి పురుగు నరములే. ఒక నరమునుండి మరియొక నరమునకు సంకేతమును ఎసిటైల్ కోలిన్ అను పదార్థము చేరవేయును. పని ముగియగనే దానిని విరిచివేయుటకు ఒక ఎంజైము కలదు. ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు ఆ ఎంజైమును పనిచేయనీయవు. అంతట సంకేతము ఆగదు. పురుగు గిలగిల కొట్టుకొని, కాళ్లు చచ్చుబడి, ప్రాణము విడుచును.

ఆ పదార్థము, ఆ ఎంజైము మనుష్యుని శరీరములోను కలవు. కనుకనే మందు చల్లువానికి చెమట, చొంగ, వాంతి, ఆయాసము కలుగును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. 2013లో బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనమున మోనోక్రోటోఫాస్ కలియుటచే 23 మంది బడిపిల్లలు మరణించిరి.

మోతాదు పెంచినచో మేలగునా? కాదు. విషమునకు తట్టుకొనిన పురుగులే మిగిలి సంతతిని పెంచును. 1987లో ఆంధ్రప్రదేశ్ పత్తిచేలలో శనగపచ్చపురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. నరములతో పనిలేని మందులును కలవు. వేపగింజలలోని అజాడిరక్టిన్ పురుగు కుబుసము విడుచుటను అడ్డగించును.

పంచాయతీ సభ్యులారా! ఈ మాటలను గ్రామస్థులకు తెలుపుడు. డబ్బాపై ఎర్రని త్రికోణము అత్యంత విషమునకు గుర్తు. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా అంతకు తక్కువ. గాలికి ఎదురుగా మందు చల్లరాదు. ఒంటిపై పడినచో తడిసిన బట్టలు విడిచి వెంటనే సబ్బుతో కడుగవలెను. ఖాళీ డబ్బాలలో నీరుగాని నూనెగాని పోయరాదు. ఎవరైన సొమ్మసిల్లినచో మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చవలెను. ఏ మందో తెలిసినచో వైద్యుడు తగిన విరుగుడును జాగుచేయక ఈయగలడు. పైరును కాపాడుకొనుట ఎంత అవసరమో, ఆ పైరును పండించు మనిషిని కాపాడుకొనుట అంతకంటె అవసరము.