బొంత పరచడానికి చోటు

బొంత ఎలా కుట్టాలో మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా చెప్పగలరు. ఎక్కడ కుట్టాలి అన్నదే బదిలీల మీద తిరిగే మనబోటి వాళ్ల సమస్య. మాది సరోజినీ నగర్‌లో రెండు గదుల ప్రభుత్వ క్వార్టరు. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి అది దొరికింది. నా బ్రాంచికి మెట్రోలో వెళ్లి వస్తాను. ఢిల్లీ వచ్చాక ఇంట్లో దేనికి లోటు లేకపోయినా చోటుకి మాత్రం ఎప్పుడూ లోటే.

వైద్యం కోసం మా అమ్మ ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలు మాతో ఉంది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె కోసం ఇనుప మంచం వేశాం. మార్చిలో అమ్మ పోయింది. మంచం అలాగే ఉండిపోయింది. తీసేద్దామని ఎవరూ అనలేదు. దాని కింద పెట్టెలో అమ్మ నూలు చీరలు ఐదు ఉన్నాయి. వెంకటగిరివి రెండు, మంగళగిరివి రెండు, ఎక్కడిదో చెప్పలేని పాత నేత చీర ఒకటి.

ఆగస్టులో మా అమ్మాయి వరంగల్‌లో హాస్టల్‌కి వెళ్లింది. దసరాకి ఫోన్ చేసి, "అమ్మా, అమ్మమ్మ చీరలతో నాకో బొంత కుట్టించవా, డిసెంబరు సెలవులకి వచ్చినప్పుడు తీసుకెళ్తాను" అంది. సరే అన్నాను. ఆ మాట విశాఖలో ఉన్న మా చెల్లికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, అమ్మ చీరలకి కత్తెర ఎలా పెడతావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఐదింటిలో పాత నేత చీర ముట్టుకోకుండా దానికి పంపేటట్టు, మిగిలిన నాలుగింటితో బొంత కుట్టేటట్టు ఒప్పందం కుదిరింది. కత్తెర పడ్డాక వెనక్కి తీసుకోలేం కాబట్టి ముందు లెక్క వేసుకున్నాను. ఆ లెక్క మీకూ పనికొస్తుంది.

చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. వెడల్పు సుమారు 45 అంగుళాలు, అంటే మూడు ముప్పాతిక అడుగులు. ఒక మనిషి కప్పుకునే బొంత ఏడున్నర అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే చాలు. చీరని 5 అడుగుల ముక్కలుగా కోస్తే మూడు ముక్కలొచ్చి 3 అడుగులు మిగులుతుంది. రెండు ముక్కల్ని అంచుకి అంచు కలిపి కుడితే ఒక పొర తయారవుతుంది. నాలుగు చీరలకి 12 ముక్కలు, అంటే ఆరు పొరలు. మిగిలిన ముక్కల్లో పమిట చెంగులు వస్తాయి. వాటిని చుట్టూ పట్టీకి వాడుకోవచ్చు. కోసే ముందు చీరని ఉతికి గంజి పూర్తిగా వదిలించాలి. ఫాల్ విప్పాలి, జరీ ఉంటే తీసేయాలి. జరీ మీద సూది మొరాయిస్తుంది, కప్పుకున్నవాళ్లకి గుచ్చుకుంటుంది కూడా.

ఇంతవరకూ మిషను మీద జరిగిపోయే పని. అసలు చోటు కావలసింది దీని తర్వాత. ఆరు పొరల్నీ ఒకదాని మీద ఒకటి ముడత లేకుండా పరచి, అసలు కుట్టు పడేవరకూ కదలకుండా పెద్ద పెద్ద కుట్లతో పట్టి ఉంచాలి. దర్జీలు దీన్ని కచ్చా కుట్టు అంటారు. ఇది సరిగ్గా పడకపోతే పై పొర ఒక దారి, లోపలి పొర ఒక దారి పట్టి, ఉతికిన మొదటిసారే బొంత ఉండలు కడుతుంది.

తెనాలి దగ్గర మా అత్తయ్యగారి ఊళ్లో దీనికి వసారా ఉండేది. కోతలయ్యాక నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలా కూర్చుంటే మధ్యాహ్నం నుంచి దీపాల వేళకి కచ్చా కుట్టు అయిపోయేదట. బొంతలు కుడతామంటూ వీధుల్లోకి వచ్చేవాళ్లు కూడా ఎవరో ఒకరి అరుగు మీదే కూర్చునేవారు. ఇక్కడ అరుగు ఎక్కడిది? మా ముందు గది 12 అడుగులకి 10. బొంతకి ఏడున్నరకి అయిదు చాలు కదా అనుకున్నాను. అది పొరపాటు. కుట్టే మనిషి చుట్టూ తిరగడానికి ప్రతి వైపూ కనీసం ఒకటిన్నర అడుగు ఉండాలి. అప్పుడు పదిన్నరకి 8, అంటే 84 చదరపు అడుగులు కావాలి. మా గది 120. అందులో మంచం 18, దివాను 15, ఫ్రిజ్జు, బీరువా, చెప్పుల స్టాండు పోను మిగిలింది సుమారు 75. అదీ ఒక్కచోట లేదు. మంచం తీస్తే లెక్క సరిపోతుంది. ఆ మాట మావారూ అనలేదు, నేనూ అనలేదు.

చీరలు కోసే ముందు పాత దుప్పట్లతో ప్రయోగం చేశాను. మొదటిసారి డబుల్ కాట్ మీద పరిచాను. పరుపు మెత్తన కావడంతో సూది దిగినప్పుడల్లా గుంట పడింది. రెండు గంటలు కుట్టి ఎత్తి చూస్తే పరుపు మీద దుప్పటి కూడా బొంతతో పాటే లేచి వచ్చింది! విప్పడానికి ఇంకో రెండు గంటలు పట్టింది. రెండోసారి డాబా మీదికి వెళ్లాం. నవంబరు ఆదివారం, ఎండ బాగుంది కానీ గాలి ఊరుకోలేదు. నాలుగు మూలలా ఇటుకలు పెడితే మధ్యలో తెరచాపలా లేచింది. గంట గడిచేసరికి తెల్ల దుప్పటి బూడిద రంగుకి వచ్చింది. ఢిల్లీలో నవంబరు గాలి ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసిన వాళ్లకి చెప్పనక్కర్లేదు. క్వార్టర్ల మధ్య పార్కులో ఉదయం మంచు తడి, సాయంత్రం పిల్లల క్రికెట్టు. ఆదివారం మా బ్రాంచి హాలు ఎంత ఖాళీగా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకున్న మాట నిజం. సీసీ కెమెరాలో బొంత కుడుతున్న మేనేజరుని చూసిన ఆడిటరు ముఖం కూడా ఊహకొచ్చి మానుకున్నాను.

ఈ మధ్యలోనే మా వీధిలోకి రజాయిలు నింపే ముసలాయన వచ్చాడు. మన దూదేకులవాళ్ల లాగానే ఇక్కడి ధునియాలు చలి మొదలవగానే దూది ఏకుతూ తిరుగుతారు. ఆయన పేవ్‌మెంట్ మీద పాత గుడ్డ పరచి, రజాయి గలేబుని లోపలివైపు పైకి తిప్పి, దాని మీద దూది సమంగా పరిచాడు. తర్వాత రెండింటినీ కలిపి చాపలా చుట్టి, మూతి దగ్గర పట్టుకుని తిరగేశాడు. దూది లోపలికి వెళ్లి, గలేబు బయటికి వచ్చింది. పరిచినంతసేపే చోటు కావాలి, చుట్టాక అక్కర్లేదు. నేను గమనించింది అదే. గుడ్డ మొత్తం ఒకేసారి పరచి ఉండాలని ఎవరన్నారు?

మా స్టేషనుకి ఇటు మొదటి స్టేషను ఐ.ఎన్.ఏ. అక్కడ 1994లో మొదలైన దిల్లీ హాట్ ఉంది. (అటు మూడో స్టేషను దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మీద ఉంది. రాజమండ్రి ఆడపడుచు పేరు రోజూ అనౌన్స్‌మెంట్‌లో వినడం నాకు ఇష్టం. ఆవిడ భర్త సి.డి. దేశ్‌ముఖ్ రిజర్వ్ బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరని మన పాఠకులకి వేరే చెప్పనక్కర్లేదు.) దిల్లీ హాట్‌లో కాంథాలు అమ్ముతున్న బెంగాలీ ఆవిడని అడిగితే, వాళ్లూ పాత చీరల పొరలు నేల మీద పరచి, అంచుల్లో బరువులు పెట్టి, ముందు దూరం కుట్లు వేస్తామని చెప్పింది. వాళ్లకీ నేలే ఆధారం. కర్ణాటకలో ఎల్లాపూర్, హళియాళ ప్రాంతాల్లో ఉండే సిద్దీల పద్ధతి వేరు. ఆఫ్రికా మూలాలున్న ఆ ఆడవాళ్లు కవుదిని ఒక అంచున మొదలుపెట్టి, ముక్క మీద ముక్క చేరుస్తూ, చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. ఒళ్లో పెట్టుకుని కుట్టేస్తారు, ముందుగా పరచిపెట్టే పనే లేదు. అమెరికాలో పాతకాలపు చిన్న ఇళ్లలో కుట్టే చట్రాన్ని రాత్రిపూట తాళ్లతో పైకప్పుకి ఎత్తి కట్టేసి, కిందనే భోంచేసేవారట. చోటు కరువు మాకొక్కరికే కాదన్నమాట.

ఎం.బి.ఏ.లో ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్ పాఠం ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. ఓడలు కట్టేచోట ఓడ కదలదు, మనుషులే దాని చుట్టూ తిరుగుతారు. కార్ల ఫ్యాక్టరీలో మనిషి నిలబడిన చోటే ఉంటాడు, కారు అతని ముందుకి వస్తుంది. వసారాలో బొంత ఓడ లాంటిది. మాకు కావలసింది కారు పద్ధతి. నిజానికి అడ్డంకి గది కూడా కాదు. మాలో కచ్చా కుట్టు చేయి తిరిగినది అత్తయ్యకే. ఆవిడ మోకాళ్లు రెండేళ్లుగా నేల మీద కూర్చోనివ్వడం లేదు. నేల ఎంత ఖాళీ చేసినా ఆవిడ కుట్టలేదు. ఇన్ని వారాలు చదరపు అడుగులు లెక్కపెట్టాను కానీ ఇది నాకు తట్టలేదు.

తట్టింది ఆవిడకే. ఒక సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని, దాని ఇనుప పట్టీ మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉంది. "అమ్మాయ్, దీన్ని తియ్యొద్దులే. దీని మీద పలక వేయించు, కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించు. మీ అమ్మ చీరలు ఇక్కడే పరుద్దాం" అంది.

బాబూ మార్కెట్ వైపు వడ్రంగి దగ్గర 6 అడుగులకి 3 ప్లైవుడ్ పలక కోయించాం. అంచులకి గరుకు కాగితం రుద్దించాం, లేకపోతే పాత చీర పట్టుకుని చిరుగుతుంది. తర్వాత చేసిన పని కాస్త వివరంగా రాస్తాను.

పలక సరిగ్గా మధ్యలో చీపురుపుల్ల ముక్క ఒకటి టేపుతో అంటించాం. ప్రతి పొరనీ నాలుగు మడతలు వేసి, మధ్య బిందువు దగ్గర గోటితో నొక్కి గుర్తు పెట్టాం. ఎన్ని పొరలు పడ్డా ఆ పుల్ల వేలికి తగులుతూనే ఉంటుంది కాబట్టి పొర మధ్య ఎక్కడుందో తెలిసిపోతుంది. అన్నిటికంటే కింది పొరని మిగతావాటికంటే నాలుగు వైపులా రెండంగుళాలు పెద్దదిగా ఉంచి, బొంతకి అడుగున కనిపించే ముఖం కిందికి వచ్చేలా పరిచాం. అంచుల్ని పలకకి బైండర్ క్లిప్పులతో బిగించాం. (క్లిప్పులు బయట కొన్నవే, బ్రాంచి స్టేషనరీ కాదు.) గుడ్డ సమంగా ఉండాలి గానీ సాగకూడదు. సాగదీసి బిగిస్తే క్లిప్పు తీయగానే వెనక్కి ముడుచుకుని మిగతా పొరల్ని కూడా లాగేస్తుంది. తర్వాత ఒక్కో పొరా వేస్తూ, అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమిరాం. బయటి నుంచి లోపలికి నిమిరితే గాలి అంతా మధ్యలో బుడగలా చేరుతుంది.

బొంత పలక కంటే పెద్దది. పక్కలకి ఒక్కో అడుగు, చివరలకి తొమ్మిదేసి అంగుళాలు వేలాడతాయి. ఆ బరువు పై పొరల్ని జార్చేస్తుంది కాబట్టి రెండు వైపులా కుర్చీలు వేసి వాటి మీదికి ఎక్కించాం. ముందు మధ్యలో ప్లస్ గుర్తులా రెండు వరసలు. తర్వాత వాటి నుంచి బయటికి, నాలుగంగుళాలకి ఒక వరస. ఒక్కో కుట్టు ఒకటిన్నర అంగుళం. పలక మేరకి అయ్యాక క్లిప్పులు తీసి, బొంతని ఒక పక్కకి జరిపి, అడుగున ముడత పడిందేమో చేత్తో తడిమి చూసి, మళ్లీ బిగించాం. అలా మధ్య, ఎడమ, కుడి, రెండు చివరలు. ఈ తడిమి చూడటం ఒక్కసారి బద్ధకించాను. ఎడమ మూలలో చెయ్యంత ముడత కుట్లలో ఇరుక్కుంది. అత్తయ్య ఏమీ అనకుండా మూడు వరసలు విప్పించింది.

సూది గురించి ఒక మాట. దబ్బనం వద్దు. బస్తాలకి బాగుంటుంది గానీ పాత నూలులో దాని కన్నం పూడదు. పొడవాటి సన్న సూది చాలు. కచ్చా దారం చీరల్లో లేని రంగుదై ఉండాలి, ముడి వేయకూడదు. మొదట్లో ఒక కుట్టు మీద ఇంకో కుట్టు వేసి వదిలేస్తే, తీసేటప్పుడు ఒక్క లాగుకి వస్తుంది. పిన్నీసులతో కూడా ఈ పని చెయ్యొచ్చు, తొందరగా అవుతుంది. కానీ నలిగిన వెంకటగిరి చీరకి పిన్నీసు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

రెండు ఆదివారాలు పట్టింది. అత్తయ్య కుర్చీలోంచి లేవకుండా తన వైపు కుట్టింది, నేను అటు వైపు నిలబడి కుట్టాను. మావారు టీ పెట్టారు, సూదికి దారం ఎక్కించారు. అమ్మ చీరల మీద పసుపు మరకలు రెండు ఉన్నాయి, అవి పై పొరలోనే వచ్చేలా వేశాం. అసలు కుట్టు తర్వాత మూడు వారాలు, రాత్రి వార్తలు చూస్తూ, ఎవరి ఒళ్లో వాళ్లం పెట్టుకుని కుట్టేశాం. కచ్చా కుట్టు పడ్డాక బొంతని మడవచ్చు, చుట్టవచ్చు, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. దానికిక చోటు అక్కర్లేదు. మా అమ్మాయి డిసెంబరు 20న వచ్చింది. చివరి కచ్చా దారాలు నానమ్మతో కలిసి తనే లాగింది. అత్తయ్య ఆ దారాల్ని పారేయనివ్వకుండా అట్టముక్కకి చుట్టి దాచింది.

బొంత ఫొటో చెల్లికి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, ఆ మంచం తీసేశావా?"

"లేదు."

"తియ్యకు. వేసవిలో వస్తాను. నా దగ్గరున్న చీర ఒక్కటీ పై పొరకి సరిపోతుందా?"

10 అడుగులు చాలు, ఇంకా 8 అడుగులు మిగులుతుందని చెప్పాను.