ఒట్టు వెయ్యకు తల్లీ

ఒట్టు మాత్రం వెయ్యకు తల్లీ. "ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తానక్కా" అని జూనియర్ పట్టుబడితే మెంటర్‌గా ఏం చెయ్యాలని అడిగావు కదా, నా జవాబు అదే. "నీ మాట హాస్టల్లో పాకనివ్వను. నీ ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం వార్డెన్ మేడంకి చెప్తాను, నీ పక్కన నేనూ ఉంటాను" అని ముందే చెప్పు. చావు ఊసెత్తితే మాట మార్చకు, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త అపోహ. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా వార్డెన్‌ని లేపు, ఎంత రాత్రయినా సరే. 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా పలుకుతారు.

ఇక నాకు కోపం తెప్పించిన మాట: "ఏజెన్సీ నుంచి వచ్చినదాన్ని, ఇంగ్లీషు అంతంతమాత్రం, నన్నెందుకు మెంటర్‌గా తీసుకున్నారో." అందుకే తీసుకున్నారు! పాడేరు పక్కనుంచి వచ్చిన పిల్ల కడుపులో బాధ కువి భాషలో చెప్పుకుంటే, ఆ హాస్టల్లో అర్థం చేసుకునేది నువ్వొక్కదానివే. చాలా చోట్ల క్లాస్ ఫస్టుల్ని, గలగలా మాట్లాడేవాళ్లని ఏరి మెంటర్లను చేస్తారు. నాకది అస్సలు గిట్టదు. సప్లీలు మిగిలిన కుర్రాడు గోల్డ్ మెడలిస్టు దగ్గర నోరు విప్పుతాడా? ఒకసారి తప్పి మళ్లీ రాసినవాళ్లు, కులం పేరుతో మాటలు పడ్డవాళ్లు, చూపు లేనివాళ్లు, ఇంట్లో ఇమడలేక వచ్చేసిన ట్రాన్స్ పిల్లలు, అందరూ ఆ బృందంలో ఉండాలి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం తోటివారికి తోడుండే 'సాథియా'లుగా అమ్మాయిల్నీ అబ్బాయిల్నీ సమానంగా తీసుకోమంది, బడి మానేసిన పిల్లల్నీ మరవొద్దంది. కాలేజీలూ ఆ దారి పట్టాలి.

రాత్రి రెండింటిదాకా అందరి గోడూ వింటున్నావట. ఇదేం పద్ధతి? నీ గోడు వినేదెవరు? వారానికోసారి మీ మెంటర్లందరితో కౌన్సెలర్ కూర్చోవాలి. అది లేకపోతే ప్రిన్సిపాల్ గారిని అడుగు. మొహమాటపడకు.

మెంటర్‌గా పనిచేసినందుకు సర్టిఫికెట్ చేతిలో పెట్టి సరే వెళ్లిరమ్మంటే ఆగిపోకు. విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. ఆ ఉద్యోగాల్లోకి మీ కొండల పిల్లలు రాకపోతే ఆ కుర్చీల్లో మళ్లీ మీ భాష రానివాళ్లే కూర్చుంటారు. డాక్టర్ చదువే చదవక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ నర్సుల్నీ, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లనీ కూడా ఈ రంగం నిపుణులుగా గుర్తించింది. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ ఉంది, సోషల్ వర్క్ ఉంది. ఏది నచ్చితే దానికి పీజీ దరఖాస్తు పెట్టు. ఫీజు సంగతి నాకొదిలెయ్.